తలుపు లేని ఇంటికి తాళం

అబద్ధం నేర్పింది మీరు, పోస్టల్ డిపార్ట్‌మెంటు పెద్దలు. ఆడింది మా ఆయన. పేరు మాత్రం నాది పడింది. సాయంత్రం అయిదయ్యేసరికి మీ తెర మీద ఎర్రరంగు కనపడకూడదు, అంతే కదా మీకు కావలసింది? ఉత్తరం మనిషికి చేరిందా, దారిలో చచ్చిందా అని మీలో ఒక్కరన్నా అడిగారా? ఎర్రది పచ్చగా మారితే మీరు మీ పైవాళ్ళ ముందు నిబ్బరంగా కూర్చోవచ్చు. ఆ పచ్చరంగు కింద ఒక ఆడమనిషి ఉద్యోగం నలిగిపోయింది. నలిపిన చెయ్యి ఎవరిదో తేల్చాలని విచారణ పెట్టి, చివరికి నా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. వచ్చారు కదా, పూర్తిగా వినండి.

నా పేరు రాజ్యశ్రీ. వత్సవాయి మండలంలో బస్సు రాని ఒక ఊరికి బ్రాంచి పోస్టుమాస్టర్ని. నా పదో తరగతి మార్కులు చూసి ఇచ్చిన ఉద్యోగం ఇది. మా మామగారి పత్తి చేను చూసి ఇవ్వలేదు, మా ఆయన మీసం చూసి ఇవ్వలేదు. అయినా ఊళ్ళో పోస్టుమాస్టరు గారు అంటే మా ఆయన నవీన్‌బాబే. పెళ్ళి శుభలేఖల మీద ఆయన పేరు పక్కన రాస్తారు, పోస్టుమాస్టరు అని. నా పేరు ఆ కింద, శ్రీమతి అని.

ఆ రోజు నేను గారెల పిండి రుబ్బుతున్నాను. మా మామగారు రత్తయ్య గారి షష్టిపూర్తి. నందిగామ నుంచి, మైలవరం నుంచి చుట్టాలు దిగారు. ఇల్లంతా మనుషులు, వంటింట్లో నేనొక్కదాన్ని. రుబ్బురోలు మోటారు హోరు మధ్య మా ఆయన లోపలికొచ్చి, డిపార్ట్‌మెంటు వాళ్ళిచ్చిన ఫోను నా మొహానికి ఎదురుగా పెట్టి, "ఇదిగో, ఒక్కసారి ఇటు చూడు" అన్నాడు.

చూశాను. చూడడానికేముంది, రోజూ చూసేదే. ఆ ఫోను నా మొహం చూస్తేనే తెరుచుకుంటుంది. ఉద్యోగం ఎవరిదో వాళ్ళే చేయాలని పైవాళ్ళు పెట్టిన కట్టుదిట్టమట అది. ఆ కట్టుదిట్టానికి మా ఇంట్లో దొరికిన విరుగుడు ఏమిటంటే, ఫోనును వంటింట్లోకి తీసుకురావడం. పిండి చేతులతో చూశాను, పొయ్యి పొగలో చూశాను, జ్వరమొచ్చి పడుకుంటే దుప్పటి తీసి మరీ చూపించాడు. ఒకసారి స్నానాల గది తలుపు కొట్టి, సందులోంచి ఫోను పెట్టి, "మొహం ఒక్కటే చాల్లే" అన్నాడు. పక్కనున్న వాళ్ళ బాబాయి కొడుకు పడీపడీ నవ్వాడు. అవును, మొహం ఒక్కటే చాలు. దాని వెనక ఉన్న మనిషి ఎవరికీ అక్కర్లేదు.

"బయట ఏమున్నాయి ఇవ్వాళ?" అని అడిగాను, మోటారు ఆపి.

"ఏదో రిజిస్టరు కవరు కాలనీకి, ఇంకో రెండు పిచ్చి ఉత్తరాలు. నేను చూసుకుంటా లే."

"కాలనీది ఎవరికి? నేనెళ్ళి ఇచ్చొస్తా. పావుగంటలో వచ్చేస్తా."

ఆ మాట మా అత్తగారి చెవిన పడింది. భారతీదేవి గారు ఆవిడ. నలుగురిలో మాట్లాడేటప్పుడు గొంతు ఇంకొంచెం పెంచుతారు. "ఇంటినిండా చుట్టాల్ని పెట్టుకుని ఉత్తరాలు పంచుకుంటా పోతావా? ఉత్తరం రేపిచ్చినా ఉత్తరమే. గారె రేపేస్తే ఎవరు తింటారే?" అన్నారు. అందరూ నవ్వారు. మైలవరం పెద్దమ్మ అయితే నోట్లో వక్కపలుకు పెట్టుకుని నవ్వు ఆపుకోలేక దగ్గింది. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వకపోతే కోడలికి పొగరంటారు.

షష్టిపూర్తి చుట్టాలు ఒక్క రోజులో పోరు. మర్నాడు కూడా నేను వంటింట్లోనే. ఆ మర్నాడూ అంతే. ప్రతి సాయంత్రం ఫోను వచ్చేది, నేను చూసేదాన్ని, అది వెళ్ళిపోయేది. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన తప్ప మా ఇంట్లో సిగ్నల్ ఉండదు, కాబట్టి మా ఆయన అక్కడ నిలబడి పని చేసేవాడు. పని అంటే ఏమిటో కూడా చెప్తాను. అయిదు గంటలకు ఇవ్వకుండా మిగిలిన ప్రతి ఉత్తరం తెర మీద ఎర్రగా అవుతుంది. ఎర్రగా ఉన్న ఆఫీసుల పేర్లు మా ఇన్‌స్పెక్టరు గారు వాట్సాప్ గ్రూపులో పెడతారు, సిగ్గు లేదా అని అర్థమొచ్చేలా. ఆ ఎరుపు ఉత్తరం ఇచ్చినా పోతుంది. ఇవ్వకుండానే, ఇంటికి తాళం ఉంది అనే మీట నొక్కినా పోతుంది. వేసవిలో సిగ్నల్ లేక ఊళ్ళన్నీ ఎర్రబడ్డప్పుడు ఇన్‌స్పెక్టరు గారే ఆ గ్రూపులో చెప్పారు, "ఏదో ఒకటి నొక్కి క్లియర్ చేయండయ్యా, రేపు చూసుకోవచ్చు" అని. చెప్పింది మా ఆయనకే. నాకు కాదు. నా నంబరు ఆ గ్రూపులోనే లేదు.

అలా వరసగా తాళం తాళం అని నొక్కుకుంటూ పోతే ఉత్తరం పంపిన చోటికి తిరిగి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయింది.

ఈ ఆఫీసు సంగతి తెలియనివాళ్ళకు ఇంకొక మాట. పల్లె పోస్టాఫీసుకు ప్రభుత్వం గది కట్టివ్వదు. ఉద్యోగం వచ్చినవాళ్ళే చోటు చూపించాలి. చోటు చూపించలేకపోతే ఉద్యోగం లేదు. నేను చూపించిన చోటు మా మామగారి ఇంటి ముందు గది. అంటే ఏమిటి? ప్రభుత్వ కార్యాలయం ఒక మామగారి దయ మీద నడుస్తుంది. పత్తి తీతలప్పుడు ఆ గదిలోకి పత్తి కుక్కిన బోరాలు వచ్చి పడతాయి. వాటి మధ్య దారి చేసుకుని వెళ్ళి నేను ముద్రలో తేదీ మార్చాలి. "ఇల్లు నాది, గది నాది, కుర్చీ నాది, గోడకి తగిలించిన ఎర్రడబ్బా ఒక్కటే మీ గవర్నమెంటుది" అంటారు మా మామగారు. ఆ కుర్చీలో మా ఆయన కూర్చుంటాడు. చుట్టాలొస్తే వాళ్ళు కూర్చుంటారు. నేను కూర్చుంటే, "ఏంటమ్మా, కాళ్ళు నొప్పులా?" అని అడిగేవాళ్ళున్నారు.

చుట్టాలు వెళ్ళిపోయిన వారం తర్వాత ఒక పొద్దున కమలాకుమారి వచ్చింది. ఊరి చివర కొత్త కాలనీలో ఉంటుంది. నర్సు ట్రైనింగు అయిన మనిషి. కాన్పుల ఇంట్లో రాత్రంతా మేలుకున్నా ఎవరి దగ్గరా మొహం చిట్లించుకోని మనిషి. భర్త లారీ మీద వెళ్ళి ఏ ఊళ్ళో సంసారం పెట్టాడో ఆమెకే తెలియదు. ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరి అవకాశం. ఊళ్ళో నన్ను మేడం అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

ఆ రోజు మేడం అనలేదు. కుర్చీలో ఉన్న మా ఆయన్నే అడిగింది. "నాకొచ్చిన రిజిస్టరు కవరు ఏమైందండి?"

"వెనక్కి పోయింది. నువ్వు ఇంట్లో లేవు కదా. తాళం వేసుంది" అన్నాడు ఆయన, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"ఎప్పుడొచ్చారండి మీరు?"

"వచ్చాం. రెండు మూడు సార్లు వచ్చాం."

"తాళం చూశారా?"

"చూశా కాబట్టే కదా రాశా."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "మా ఇంటికి తలుపే లేదు కదండీ" అంది. "స్లాబు దాకా వచ్చి ఆగిపోయింది. గుమ్మానికి దుప్పటి కట్టుకుని ఉంటన్నా. దుప్పటికి తాళమేసి ఊరెళ్ళాననా మీ ఉద్దేశం? ఆ కవరు కోసం పనులు మానుకుని ఆ దుప్పటి పక్కనే కూర్చున్నా. ఎండకి అటు జరుగుతా, నీడకి ఇటు జరుగుతా. ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు."

మా ఆయన తల ఎత్తాడు. "నోరు కాస్త తగ్గించు. ఎవరింట్లో ఉన్నావో చూసుకుని మాట్లాడు."

"ఇల్లా అండి ఇది? పోస్టాఫీసు అనుకుని వచ్చా."

నేను లోపల గుమ్మం దగ్గర చీపురుతో నిలబడి ఉన్నాను. ఆ మాట ఆయనకు తగిలిందో లేదో తెలియదు, నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టు తగిలింది. బయటికొచ్చి, ఏం కావాలి చెప్పమ్మా అన్నాను. ఆమె చెప్పింది. సర్టిఫికెట్లు చూపించడానికి పిలిచిన తేదీ దాటిపోయింది. ఆ ఆఫీసుకు వెళ్ళి ఏడిస్తే, ఉత్తరం చేరకపోవడం పోస్టాఫీసు తప్పని కాగితం తెస్తే మళ్ళీ పిలుస్తామన్నారు. వచ్చే శుక్రవారం లోపు తేవాలి. తేకపోతే కింద ఉన్న పేరుకు ఇచ్చేస్తారు.

"మీరు రాసివ్వండి మేడం" అంది అప్పుడు. "మీరే కదా పోస్టుమాస్టరు."

ఆమె వెళ్ళాక మా ఆయన్ని అడిగాను. నువ్వు కాలనీకి వెళ్ళావా? వెళ్ళలేదు. ఒక్కసారైనా? లేదు. ఎందుకు? "ఇంట్లో ఫంక్షన్ పెట్టుకుని కాలనీలెంట తిరగమంటావా నన్ను? అయినా నేనేం చేశా? నీ పని నేను చేసి పెట్టా. నువ్వు వంటింట్లో ఉంటే నీ ఉద్యోగం పోకుండా కాపాడింది ఎవరు? సాయం చేసినందుకు నాకీ శాస్తి" అన్నాడు. నిజంగానే నమ్ముతున్నాడు. అదీ నన్ను భయపెట్టింది. ఆయన గొంతులో అబద్ధం లేదు. ఆయన దృష్టిలో ఆయన నాకు సాయం చేశాడు. ఆయన తండ్రి షష్టిపూర్తికి నేను రుబ్బిన పిండి సాయం కాదు, అది నా పుట్టుకతో వచ్చిన పని. నా ఉద్యోగంలో ఆయన నొక్కిన ఒక మీట మాత్రం సాయం. దానికి నేను జన్మంతా రుణపడి ఉండాలి. ఈ లెక్క ఎవరు రాశారో, ఏ బడిలో నేర్పుతారో కానీ మగపిల్లలందరూ ఫస్టు క్లాసులో పాసవుతారు.

నేను ఊరుకోలేదు. ఆ కాగితం మీద నా సంతకం చెల్లదు, ఇన్‌స్పెక్టరు గారిది కావాలి. కమలాకుమారి చేత ఫిర్యాదు రాయించి, పైకి పంపాను. అందుకే మీ విచారణ వచ్చింది. ఫిర్యాదు ఆమెదని మాత్రమే ఇంట్లో తెలుసు.

ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు గారు బుధవారం వచ్చారు. గుమ్మంలో నేనే ఎదురుపడ్డాను. నా పక్కనుంచి లోపలికి చూసి, "బాబుగారున్నారా అమ్మా?" అని అడిగారు. నా ఆఫీసు మీద విచారణకు వచ్చిన మనిషి నన్ను దాటి నా మొగుణ్ణి అడిగారు. కుర్చీ వేశారు, మా మామగారు పక్కన కూర్చున్నారు, నేను కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. అలవాటు అలాంటిది. పాలు పొంగేదాకా నిలబడితే కానీ గుర్తు రాలేదు, విచారణ నా మీద అని. గ్లాసులు పట్టుకుని బయటికొచ్చేసరికి నా వివరణ తయారైపోయింది. జగన్నాథరావు గారు చదివి వినిపించారు. మేము సదరు చిరునామాకు వెళ్ళగా ఇంటి తలుపునకు తాళం వేసి ఉన్నది, ఇరుగుపొరుగును విచారించగా ఊళ్ళో లేరని తెలిపిరి.

"వెళ్ళలేదండి" అన్నాను.

"ఆఁ?"

"ఎవరూ వెళ్ళలేదండి. ఆ ఇంటికి తలుపు కూడా లేదు."

మా మామగారు గ్లాసు చప్పుడయ్యేలా కింద పెట్టారు. జగన్నాథరావు గారు మాత్రం కోప్పడలేదు. మెత్తగా మాట్లాడే మనిషి. నా కళ్ళలోకి మొదటిసారి అప్పుడే చూశారు. "చూడండమ్మా, నేను మీ మంచికే చెప్తన్నా. మీరు నిజం రాశారనుకోండి. వెళ్ళకుండా నొక్కారు, అదీ మీరు కాదు మీవారు నొక్కారు. అంటే మీ ఫోను ఇంకొకళ్ళకిచ్చారు. మిమ్మల్ని డ్యూటీ నుంచి తప్పిస్తారు. నేను తప్పించనమ్మా, రూలు తప్పిస్తది. ఆవిడెటూ ఏడుస్తంది. మీరు కూడా ఎందుకు ఏడవడం?"

"నొక్కమని చెప్పింది మీరే కదండీ, వేసవిలో."

ఆయన మొహం మాడిపోయింది. చిన్నగా అన్నారు, "నా పరిస్థితి కూడా చూడండి. మీటింగులో తెర మీద నా పేరు ఎర్రగా వేసి, నిలబెట్టి అడుగుతారు. నా కొడుకు వయసున్న ఆఫీసరు అడుగుతాడు. సిగ్నల్ లేదంటే వినడు, మనుషుల్లేరంటే వినడు. రాత్రి మాత్ర వేసుకోకపోతే నిద్ర పట్టట్లా." అబద్ధం కాదది. జాలి వేసింది. కానీ ఆయన భయం ఆయన దగ్గర ఆగదు. పైనుంచి ఆయన మీద పడ్డది ఆయన మా ఇంటి మీదికి తోస్తాడు, మా ఇల్లు నా మీదికి తోస్తుంది, నేను పక్కకు తప్పుకుంటే పోయి కమలాకుమారి మీద పడుతుంది. ఇన్ని మెట్లు దిగి వచ్చిన బరువు ఎవరి మీద ఆగితే వాళ్ళే చావాలి. ఇదేనా మీ కొత్త పద్ధతి? ఫోన్లు కొత్తవి, తెరలు కొత్తవి, కింద పడి నలిగేవాళ్ళు మాత్రం పాతవాళ్ళే.

వివరణ కాగితం మీద కాదట, ఫోన్లోనే పంపాలట. రేపు నందిగామలో సబ్-డివిజను మీటింగు, ఆ లోపు నేను మొహం చూపించి ఖాయం చేస్తే కేసు మూసేస్తారు. అది చెప్పి ఆయన వెళ్ళిపోయారు. కాఫీ బాగుందన్నారు.

ఆయన బండి శబ్దం పోకముందే మా మామగారు మొదలుపెట్టారు. "ఏం కోడలా, ఊళ్ళో వాళ్ళ కోసం ఇంట్లో మగాడి పరువు తీస్తావా? రేపు ఆ గది ఖాళీ చేయిస్తా. పత్తి వేసుకుంటా. చోటు లేకపోతే నీ ఉద్యోగం ఎక్కడుంటదో నేనూ చూస్తా." మా అత్తగారు నన్ను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించారు. "మొగుడి మీద కాయితం రాసిన ఆడదాన్ని ఎక్కడన్నా చూశావటే? రాస్తే ఎక్కడుంటావు నువ్వు? మీ నాన్న ఇంట్లో మీ వదిన ఎన్నాళ్ళు పెడుద్ది నీకు అన్నం?" బెదిరింపు కాదది. ఆవిడ బతుకు ఆవిడకు నేర్పిన విషయం నాకు చెబుతున్నారు. ఆవిడకూ ఎప్పుడో ఎవరో చెప్పి ఉంటారు.

ఆ సాయంత్రం ఇంటి వెనక కళ్ళంలో ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుతూ ఆలోచించాను. ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. ఈ ఉద్యోగం నాకు ఏమిటి? ఇంట్లో నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఏమేవ్, ఇదిగో, కోడలా, పిల్లల తల్లీ. ముసలి పింఛనుదార్లు వచ్చి, రాజ్యశ్రీ గారున్నారా అని అడుగుతారు. అదే నా జీతం. నిజం రాస్తే అది పోతుంది. చూపించమన్నట్టు మొహం చూపిస్తే అది మిగులుతుంది. మిగిలి? రేపు కమలాకుమారి ఆ దుప్పటి పక్కన కూర్చునే ఉంటుంది. నేను ఉత్తరం పట్టుకుని ఆ వీధిలోకి ఎలా వెళ్ళను? ఆమె మేడం అని పిలిస్తే ఏమని పలకను? ఈ ఇంటి మనుషులు నన్ను పేరు లేకుండా బతకమన్నారు, సరే. నా పేరు పెట్టి ఇంకొక ఆడదాని నోటి దగ్గర కూడు లాక్కోమంటున్నారు. రెండింటికీ తేడా ఉంది. మొదటిది ఇన్నాళ్ళు ఓర్చుకున్నాను. రెండోది నా వల్ల కాదు.

దీపాలు పెట్టే వేళకు మా ఆయన ఫోను పట్టుకుని కళ్ళంలోకే వచ్చాడు. డాబా మీద సిగ్నల్ దొరికిందట. పిల్లలు పెరటి అరుగు మీద చదువుకుంటున్నారు. "ఇటు చూడు, అయిపోద్ది" అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను.

"ఏంటది?"

చేతులతో తడుముకుంటూ మిరపకాయలు ఎత్తాను.

"తెరువు. మిరపకాయలా? నీళ్ళు తేనా?" అన్నాడు ముందు, మామూలుగానే. తర్వాత అర్థమైంది ఆయనకు. గొంతు మారింది. "కళ్ళు తెరవమంటన్నా." గడ్డం పట్టుకుని నా మొహం పైకెత్తాడు. వేళ్ళు దవడలోకి దిగాయి. ఫోను కీచుమంది, మనిషిని గుర్తుపట్టలేదని. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కీచుమంది. కళ్ళ మంటకు నీళ్ళు కారిపోతున్నాయి, అయినా రెప్పలు బిగించే ఉన్నాను. ఇంత పెద్ద పనికి నాకు కావలసింది ఇంత చిన్న బలమా అనిపించింది ఆ క్షణాన. పిల్లల చదువు ఆగిపోయింది. ఎవరో పుస్తకం మూసిన చప్పుడు వినపడింది.

"దీనిక్కూడా తాళం ఉందని నొక్కుకో. అలవాటేగా" అన్నాను.

చెయ్యి వదిలేశాడు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. ఫోను మిరపకాయల మీద పడేసి, "నీ ఇష్టం. రేపట్నించి నీ చావు నువ్వు చావు" అని వెళ్ళిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యాక కళ్ళు తెరిచి ఫోను కొంగుతో తుడుచుకున్నాను. డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, నా మొహం నేనే చూపించుకుని, జరిగింది జరిగినట్టు రాసి పంపాను. మొగుడి పేరు రాశాను. ఇన్‌స్పెక్టరు గారి పేరు రాశాను. ఏం నొక్కుతున్నారో చూడకుండా మొహం అప్పగించిన నా పేరు కూడా రాశాను.

పొద్దున్నే కమలాకుమారి ఇంటికి వెళ్ళి, బయల్దేరమన్నాను. షేరాటోలో జగ్గయ్యపేట, అక్కణ్ణుంచి బస్సులో నందిగామ. బస్సు హైవే ఎక్కాక ఆమె మెల్లగా అడిగింది, "మీ ఉద్యోగం పోతదేమో మేడం?"

"పోవచ్చు."

"ఇంట్లో?"

"ఆఫీసు సంచి గదిలోంచి తీసి గుమ్మం బయట పెట్టారు పొద్దున. నా బట్టల సంచి ఇంకా పెట్టలేదు."

ఆమె నవ్వబోయి ఆగింది. "మా ఇంట్లో పెట్టుకోండి కావాలంటే, రెండూ. తలుపు లేదు కానీ గోడలున్నాయి" అంది. ఇద్దరం నవ్వాం. ముందు సీటులో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు.

నందిగామలో మీటింగు ఒక కల్యాణ మండపంలో పెట్టారు. బయట బళ్ళ మీద వరసగా మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, చేతుల్లో డిపార్ట్‌మెంటు ఫోన్లు. లోపల కుర్చీల్లో ఆడవాళ్ళు, ఒళ్ళో హ్యాండుబ్యాగులు, చేతులు ఖాళీ. నా వంటింటి బాగోతం నా ఒక్కదానిదే అనుకున్నాను. సబ్-డివిజను సబ్-డివిజనంతా వంటిల్లే. మధ్యలో తండ్రో ఎవరో ఒకాయన లోపలికొచ్చి ఒక పిల్ల మొహం ముందు ఫోను పెట్టి తీసుకుపోయాడు. ఎవరూ తల తిప్పలేదు.

వేదిక మీద తెర వేసి ఉంది. ఊళ్ళ పేర్లు, రంగులు. పైనుంచి వచ్చిన ఆఫీసరు మధ్యలో కూర్చున్నారు, జగన్నాథరావు గారు మైకు దగ్గర. మా ఊరి పేరు ఎర్రగా వెలుగుతోంది. జగన్నాథరావు గారు అటు చూసి, కాగితాలు సర్దుకుని, "ఈ ఆఫీసు తాలూకు ఎవరొచ్చారు? బాబుగారు వచ్చారా?" అన్నారు.

లేచాను. "బాబుగారు రాలేదు. పోస్టుమాస్టరు వచ్చింది" అన్నాను.

"అమ్మా, కూర్చోండి. మీది విడిగా మాట్లాడదాం."

"విడిగా ఎందుకండి? నొక్కమని గ్రూపులో అందరికీ చెప్పారు, అందరి ముందే మాట్లాడదాం." నడుచుకుంటూ ముందుకు వెళ్ళాను. కుర్చీల్లో గుసగుసలు. వెనక ఎవరో ఆడమనిషి, "మాట్లాడనీయండి" అంది. ఎవరో చూడలేదు. ఆ గొంతు వినగానే నా నడక వేగం పెరిగింది.

వేదిక కింద నిలబడి ఆఫీసరు గారికే చెప్పాను. నన్ను డ్యూటీ నుంచి తప్పిస్తే తప్పించండి, నేను రాసిన దాంట్లో ఒక్క అక్షరం మార్చను. తప్పించే ముందు మాత్రం వినండి. ఉద్యోగం మాకిచ్చి ఆఫీసును మామగార్ల ఇళ్ళలో పెట్టించకండి. పంచాయతీ గదో, మూతపడ్డ బడి గదో, ఊళ్ళో ఉన్నదేదో ఇప్పించండి, మా తాళం మా దగ్గర ఉండేట్టు. మీ గ్రూపులో మా మొగుళ్ళ నంబర్లు తీసేసి మావి పెట్టండి. సిగ్నల్ లేని ఊళ్ళో ఇవ్వలేకపోయిన ఉత్తరాన్ని ఇవ్వలేకపోయాం అని రాసుకునే మీట ఒకటి పెట్టండి, అబద్ధం తప్ప ఇంకో దారి లేకుండా చేసి మమ్మల్ని దొంగలనకండి. బయట బళ్ళ మీద కూర్చున్నవాళ్ళను లోపలికి పిలిచి ఫోన్లు ఎవరివి వాళ్ళకు ఇప్పించండి, ఈ మీటింగు అయ్యేలోపే.

"ఫిర్యాదు పరిశీలిస్తామమ్మా. పద్ధతి ప్రకారం టైము పడుతుంది" అన్నారు ఆఫీసరు గారు.

"నా సంగతికి టైము తీసుకోండి. ఈమె సంగతికి లేదు." వెనక్కి తిరిగి చూశాను. కమలాకుమారి తలుపు దగ్గర, చేతిలో సర్టిఫికెట్ల కవరు గుండెలకు పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికి కుర్చీల్లో ఆడవాళ్ళు ఒకరిద్దరు లేచి బయటికి నడుస్తున్నారు, బళ్ళ దగ్గరికి, చేతులు చాపుకుంటూ.

జగన్నాథరావు గారి వైపు తిరిగాను. ఆయన జేబులో కలం కనపడుతోంది. అది చూపించాను.

"కలం తీయండి. ఆమె ఇంటికి ఎవరూ వెళ్ళలేదని రాయండి, తప్పు మాదని రాయండి. సంతకం పెట్టి, ముద్ర వేసి, ఆమె చేతికి ఇవ్వండి. రేపు కాదు. నేను ఇక్కడ నిలబడి ఉండగానే."